ఫోన్ తీగ మీద ఇంటర్‌నెట్: డయలప్ మోడెమ్‌ను బిగించిన తీరు

డయలప్ మోడెమ్‌కు పని ఒక్కటే. కంప్యూటరు పంపే సున్నాలను, ఒకట్లను టెలిఫోన్ తీగ మోయగలిగే ధ్వనిగా మారుస్తుంది. అవతలి నుంచి వచ్చిన ధ్వనిని విడదీసి మళ్లీ సున్నాలు, ఒకట్లుగా కంప్యూటరుకు అందిస్తుంది. టెలిఫోన్ లైను వేసింది మనిషి గొంతు కోసం. సుమారు 300 హెర్ట్జ్ నుంచి 3,400 హెర్ట్జ్ దాకా ఉన్న ధ్వనులు మాత్రమే ఆ దారిలో సాఫీగా వెళతాయి, మిగిలినవి ఎక్స్‌ఛేంజి దగ్గరే తెగిపోతాయి. ఉత్తరాలు, ఫొటోలు, పాటలు, పదో తరగతి ఫలితాలు అన్నీ ఆ ఇరుకు సందులోంచే ఇంట్లోకి రావాలి. కొన్న పెట్టె మీద ఎంత వేగం రాసి ఉన్నా, చివరికి ఆ ఇంటికి ఎంత వేగం అందాలో నిర్ణయించింది తీగే. మోడెమ్ బిగించే వారు ముందుగా గ్రహించాల్సింది ఇదే.

వేగాలు మెట్టుమెట్టుగా పెరిగాయి. 1962లో అమెరికాలో ఏటీ అండ్ టీ తెచ్చిన బెల్ 103 మోడెమ్ సెకనుకు 300 బిట్లు పంపేది. 1981లో వచ్చిన హేస్ స్మార్ట్‌మోడెమ్ వేగం కూడా అంతే. కానీ దానితో ఒక పెద్ద సౌకర్యం వచ్చింది. నంబరు తిప్పడం, ఫోన్ ఎత్తడం, పెట్టేయడం లాంటి పనులన్నీ కంప్యూటరు నుంచే 'ఏటీ' అనే రెండు అక్షరాలతో మొదలయ్యే ఆజ్ఞలతో చేయించడం సాధ్యమైంది. ఆ తర్వాత దాదాపు అన్ని కంపెనీల మోడెములూ ఆ ఆజ్ఞలనే పాటించాయి. 1991కి వేగం 14.4 కిలోబిట్లకు, 1994కి 28.8కి, ఆ తర్వాత 33.6కి చేరింది. మామూలు ఫోన్ లైను మీద రెండు వైపులా సాధ్యమయ్యే వేగానికి అది దాదాపు చివరి హద్దు.

మరి 56 ఎక్కడి నుంచి వచ్చింది? డిజిటల్ ఎక్స్‌ఛేంజి తన దగ్గరికి వచ్చిన ధ్వనిని సెకనుకు 8,000 సార్లు కొలుస్తుంది, ఒక్కో కొలతను 8 బిట్లుగా రాస్తుంది. అంటే సెకనుకు 64 కిలోబిట్లు. అలా కొలిచి అంకెగా రాసేటప్పుడు జరిగే చిన్న చిన్న సర్దుబాట్లే లైనులో ఒక రకమైన రొదగా మిగిలిపోతాయి. ఇంటర్‌నెట్ సంస్థ తన వైపు నుంచి ఎక్స్‌ఛేంజికి నేరుగా డిజిటల్ లైనుతో కలిసి ఉంటే, అక్కడి నుంచి ఇంటికి వచ్చే దారిలో ఆ కొలత అవసరం ఉండదు, ఆ రొదా పుట్టదు. ఈ కిటుకు మీదే 56 కిలోబిట్ల మోడెములు వచ్చాయి. 1997లో ఒకదానితో ఒకటి పొసగని రెండు పద్ధతులు పోటీపడ్డాయి. 1998లో వీ.90 అనే ఉమ్మడి ప్రమాణం కుదిరింది. ఇంటి నుంచి బయటికి వెళ్లే దారిలో మాత్రం ఆ కొలత తప్పదు. అందుకే రాక 56 అయినా, పోక 33.6 దగ్గరే ఆగింది. పాతకాలపు ఎక్స్‌ఛేంజి ఉన్న ఊళ్లో రాక కూడా అంతే.

భారతదేశంలో మామూలు జనానికి ఇంటర్‌నెట్ 1995 ఆగస్టు 15న ప్రభుత్వ సంస్థ వీఎస్ఎన్ఎల్ ద్వారా మొదలైంది. ముందు ముంబై, ఢిల్లీ, కలకత్తా, మద్రాసు నగరాలకు, తర్వాత మిగతా పట్టణాలకు అందింది. విద్యార్థులకు తక్కువ ధరకు ఇచ్చిన షెల్ అకౌంటులో తెర మీద అక్షరాలే తప్ప బొమ్మలు వచ్చేవి కావు. 1998 నవంబరులో ప్రైవేటు సంస్థలకు తలుపులు తెరిచారు. హైదరాబాదు సత్యం కంప్యూటర్స్‌కు అనుబంధంగా నడిచిన సత్యం ఇన్ఫోవే, సత్యం ఆన్‌లైన్ పేరుతో మొదటి వరసలోనే దిగింది. 2000 అక్టోబరు 1న ఏర్పడిన బీఎస్ఎన్ఎల్ ఇచ్చిన సంచార్‌నెట్‌తో 172222 అనే డయలప్ నంబరు చిన్న పట్టణాల ఇళ్లకూ పరిచయమైంది. తెలుగు నాట చాలా కుటుంబాలు మోడెమ్‌ను మొదటిసారి చూసింది ఆ రోజుల్లోనే. విండోస్ 98 నడిచే కంప్యూటరు, అందులో ఒక 56కే ఇంటర్నల్ మోడెమ్, పక్కనే ల్యాండ్‌లైన్ ఫోను అప్పటి మామూలు అమరిక. ఇక్కడ చెప్పుకునే బిగింపు కూడా దాని గురించే.

మోడెములు ముఖ్యంగా రెండు రకాలు. ఎక్స్‌టర్నల్ మోడెమ్ బల్ల మీద కూర్చునే చిన్న పెట్టె. దానికి విడిగా కరెంటు అడాప్టరు ఉంటుంది, కంప్యూటరు వెనక ఉండే 9 పిన్నుల సీరియల్ పోర్టుకు కేబులుతో కలపాలి. ముందు వైపున్న ఎర్ర దీపాలు ఏం జరుగుతోందో ఎప్పటికప్పుడు చెబుతాయి: ఫోన్ ఎత్తిందా, అవతలి మోడెమ్ దొరికిందా, సమాచారం వస్తోందా పోతోందా అని. ఇంటర్నల్ మోడెమ్ సీపీయూ పెట్టెలో మదర్‌బోర్డు మీద గుచ్చే కార్డు. ధర బాగా తక్కువ కాబట్టి ఇళ్లలో ఎక్కువగా ఇదే ఉండేది. ధర తగ్గడానికి కారణం వేరే ఉంది. చాలా కార్డుల్లో ధ్వనిని విడదీసే చిప్పు ఉండదు, ఆ లెక్కలన్నీ కంప్యూటరు ప్రాసెసరే చేయాలి. వీటికి విన్‌మోడెమ్ అని పేరు. డ్రైవరు సరిగ్గా లేకపోతే ఇవి కదలవు. లినక్స్‌లో చాలా వాటికి దారే లేదు. ప్రాసెసరు వేరే పనిలో మునిగితే కనెక్షన్ తెగిపోయేది. నాలుగు డబ్బులు ఎక్కువైనా ఎక్స్‌టర్నల్ మోడెమ్ కొన్నవారికి ఇబ్బందులు తక్కువ. దీపాలు చూసి తప్పెక్కడుందో కనిపెట్టగలగడమే అందుకు చాలినంత కారణం.

ఇంటర్నల్ కార్డు బిగించే ముందు కంప్యూటరును ఆపి, కరెంటు ప్లగ్గు పూర్తిగా తీసేయాలి. మూత తీశాక పెట్టె ఇనుప చట్రాన్ని ఒకసారి చేత్తో తాకితే ఒంట్లో ఉన్న స్థిర విద్యుత్తు పోతుంది. లేదంటే కంటికి కనబడని ఆ చిన్న షాకు చిప్పులను పాడుచేయగలదు. మదర్‌బోర్డు మీద తెల్లగా, పొట్టిగా ఉండేవి పీసీఐ స్లాట్లు, నల్లగా, పొడుగ్గా ఉండేవి పాత ఐఎస్ఏ స్లాట్లు. ఖాళీ స్లాటుకు ఎదురుగా వెనక పక్కనున్న రేకు ముక్కను తీసి, కార్డు అంచులు పట్టుకుని రెండు కొసల మీదా సమానంగా నొక్కాలి. బంగారు రంగు పళ్లు స్లాటులోకి పూర్తిగా దిగాక వెనక స్క్రూ బిగించాలి. స్క్రూ బిగిస్తుంటే కార్డు ఒక కొస పైకి లేచే ప్రమాదముంది, కాబట్టి బిగించాక మరోసారి నొక్కి చూడటం మంచిది. 'మోడెమ్ దొరకలేదు' అనే ఫిర్యాదుల్లో కొన్ని ఈ పైకి లేచిన కొస వల్ల వచ్చినవే.

పీసీఐ కార్డుకు కావలసిన వనరులను విండోసే కేటాయిస్తుంది. పాత ఐఎస్ఏ కార్డులతో మాత్రం పెద్ద తలనొప్పి ఉండేది. కంప్యూటరులో కామ్ 1 నుంచి కామ్ 4 దాకా నాలుగు సీరియల్ పోర్టు పేర్లు ఉన్నా, ప్రాసెసరును పిలిచే గంటలు రెండే. కామ్ 1, కామ్ 3 రెండూ 4వ నంబరు గంటను, కామ్ 2, కామ్ 4 రెండూ 3వ నంబరు గంటను వాడుకుంటాయి. ఆ రోజుల్లో మౌసు సాధారణంగా కామ్ 1కు తగిలించి ఉండేది. మోడెమ్‌ను కామ్ 3లో పెడితే, ఇంటర్‌నెట్ కలిసిన క్షణాన మౌసు బాణం తెర మీద బిగుసుకుపోయేది. కార్డు మీద బియ్యపు గింజంత జంపర్లను పట్టకారుతో లాగి, మోడెమ్‌ను కామ్ 2కో, కామ్ 4కో మారిస్తే చిక్కు తీరేది. కామ్ 2కు మార్చినప్పుడు మదర్‌బోర్డు సొంత కామ్ 2ను బయోస్‌లో ఆపేయాలి.

ఇక ఫోన్ లైను. కార్డు వెనక ఒకేలా కనిపించే రెండు రంధ్రాలుంటాయి. 'లైన్' అని రాసి ఉన్నదానికి గోడ నుంచి వచ్చే తీగ, 'ఫోన్' అని ఉన్నదానికి టెలిఫోను పెట్టాలి. తిప్పి పెడితే కొన్ని మోడెములకు డయల్ టోన్ కూడా వినపడదు. ఇళ్లలో మరో ఇబ్బంది ఉండేది. గోడకు బిగించిన పాత రోజెట్ పెట్టెల్లో ప్లగ్గు పట్టే రంధ్రమే ఉండేది కాదు, రెండు స్క్రూల కింద రెండు తీగలు నొక్కి ఉండేవి. లైన్‌మన్‌ను పిలిచి కొత్త రోజెట్ వేయించుకోవడమో, ఆ స్క్రూల నుంచే మరో తీగ లాగి సాకెట్ బిగించుకోవడమో చేసేవారు. ఆ తీగల మీద మామూలుగా 48 వోల్టుల డీసీ ఉంటుంది, గంట మోగేటప్పుడు అంతకన్నా ఎక్కువే వస్తుంది. అందుకే తడి చేతులతో ముట్టుకోకూడదు.

మోడెమ్ తీగ ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. హాల్లోంచి పడగ్గది దాకా సన్నని తీగకు మూడు చోట్ల అతుకులు వేసి లాగితే, ఆ అతుకులన్నీ వేగాన్ని తినేస్తాయి. కరెంటు వైరు పక్కనే, ట్యూబులైటు చోక్ మీదుగా లాగినా అంతే. లైను బాగుందో లేదో చూడటానికి పరికరం అక్కర్లేదు. ఫోన్ ఎత్తి ఏదైనా ఒక అంకె నొక్కగానే డయల్ టోన్ ఆగిపోతుంది. అప్పుడు రిసీవరు చెవికి గట్టిగా ఆనించి వినాలి. ఏమీ వినిపించకపోతే లైను బాగున్నట్టే. చిటపటలు, గరగరలు, ఎవరిదో మాట లీలగా వినిపిస్తే మోడెమ్ మార్చినా, డ్రైవరు మార్చినా ప్రయోజనం లేదు. రోజెట్‌లో తుప్పు పట్టిన స్క్రూలు, ఇంటి బయట వానకు తడిసే అతుకు, స్తంభం మీది డబ్బాలో వదులైన తీగ, వీటిలో ఏదో ఒకటి సరిచేయాలి. వానాకాలంలో వేగం పడిపోవడానికీ కారణం ఇదే.

ఉరుములు వినిపించగానే మోడెమ్ నుంచి ఫోన్ తీగ పీకేయడం తప్పనిసరి. కరెంటు స్విచ్ ఆపితే సరిపోదు. పిడుగు దూరంగా పడినా దాని విద్యుత్తు ఫోన్ తీగల వెంట ఇంట్లోకి రాగలదు. ముందు మోడెమ్ పోతుంది, ఒక్కోసారి దానితో పాటే మదర్‌బోర్డూ పోతుంది.

మోడెమ్ బిగించి కంప్యూటరు వేశాక, కొత్త పరికరం దొరికిందని విండోస్ చెబుతుంది, డ్రైవరు ఎక్కడుందని అడుగుతుంది. మోడెమ్‌తో వచ్చిన సీడీని చూపాలి. విండోస్ తనంతట తాను 'స్టాండర్డ్ మోడెమ్' అని ఎంచుకుంటే ఒప్పుకోకూడదు. దానితో కొన్ని మోడెములు కలుస్తాయి కానీ పూర్తి వేగం రాదు. తర్వాత కంట్రోల్ ప్యానెల్‌లో మోడెమ్స్ తెరిచి, డయాగ్నస్టిక్స్‌లో తన పోర్టును ఎంచుకుని మోర్ ఇన్‌ఫో నొక్కాలి. ఏటీ ఆజ్ఞలకు మోడెమ్ ఇచ్చిన జవాబులు వరసగా కనిపిస్తే, కంప్యూటరుకు, మోడెమ్‌కు మధ్య దారి తెరుచుకున్నట్టే. ఇంతవరకు ఫోన్ లైనుతో సంబంధం లేదు. ఇక్కడే జవాబు రాకపోతే కార్డునో, డ్రైవరునో వెతకాలి తప్ప ఎక్స్‌ఛేంజికి ఫిర్యాదు చేసి లాభం లేదు.

డయలింగ్ ప్రాపర్టీస్‌లో దేశాన్ని ఇండియాగా ఎంచుకోవడం చిన్న విషయంలా కనిపించినా, అవసరం. అమెరికాలో డయల్ టోన్ 350, 440 హెర్ట్జ్ స్వరాల జత, భారతదేశంలో అది 400 హెర్ట్జ్ స్వరం. అమెరికా టోన్ కోసం ఎదురుచూసే మోడెమ్ మన ఎక్స్‌ఛేంజి టోన్ విని కూడా 'డయల్ టోన్ లేదు' అని ఆగిపోయేది. 'డయల్ టోన్ వచ్చేదాకా ఆగు' అన్న చోట టిక్కు తీసేయడం దీనికి మందు. అదనపు ఆజ్ఞల గడిలో 'ఎక్స్3' అని చేర్చినా అదే పని జరుగుతుంది. అప్పుడు మోడెమ్ కొద్ది సెకన్లు ఆగి, టోన్ సంగతి పట్టించుకోకుండా నంబరు తిప్పుతుంది. టోన్ పద్ధతి పనిచేయని పాత ఎక్స్‌ఛేంజి అయితే పల్స్ ఎంచుకోవాలి. ఆఫీసుల్లో బయటి లైనుకు ముందు సున్నా తిప్పాల్సి ఉంటే, సున్నా తర్వాత ఒక కామా పెట్టాలి. కామా అంటే కాస్త ఆగమని మోడెమ్‌కు చెప్పడం.

తర్వాత మై కంప్యూటర్‌లో డయలప్ నెట్‌వర్కింగ్ తెరిచి, కొత్త కనెక్షన్‌కు ఒక పేరు, ఇంటర్‌నెట్ సంస్థ నంబరు ఇవ్వాలి. సర్వర్ టైప్స్‌లో పీపీపీ ఉంచి, కింద ఉన్న మూడు ప్రొటోకాల్స్‌లో టీసీపీ/ఐపీ ఒక్కదానికే టిక్కు మిగల్చాలి. ఆఫీసు నెట్‌వర్కుల కోసం ఉద్దేశించిన మిగతా రెండూ, 'లాగాన్ టు నెట్‌వర్క్' అన్నదీ ఇంటికి అక్కర్లేదు. అవి ఉంటే కనెక్షన్ కుదరడానికి వృథాగా సమయం పడుతుంది. ఐపీ చిరునామాను సర్వరే ఇస్తుంది. వెబ్‌సైటు పేరుకు చిరునామా వెతికిపెట్టే డీఎన్ఎస్ సర్వరు అంకెలను కొన్ని సంస్థలు చేత్తో నింపమనేవి. వాటిలో ఒక్క అంకె తప్పితే ఫోన్ కలుస్తుంది, పాస్‌వర్డ్ ఒప్పుకుంటుంది, కానీ ఒక్క వెబ్‌సైటూ తెరుచుకోదు.

కనెక్ట్ నొక్కాక వినిపించే మోతల్లో ప్రతిదానికీ అర్థం ఉంది. మొదట టక్కుమని ఒక చప్పుడు, మోడెమ్ రిసీవరు ఎత్తినట్టు. తర్వాత డయల్ టోన్, అంకెల టోన్లు, అవతల గంట. ఆపై సన్నని ఈల. అది అవతలి మోడెమ్ పలికే 2,100 హెర్ట్జ్ స్వరం. మనుషుల మాటల్లో ప్రతిధ్వని రాకుండా దారిలో ఉంచిన పరికరాలు ఆ ఈల విని పక్కకు తప్పుకుంటాయి. లేకపోతే రెండు మోడెములూ ఒకేసారి మాట్లాడలేవు. తర్వాత వచ్చే చిన్న చిన్న కూతల్లో రెండూ తమకు ఏ ప్రమాణాలు తెలుసో చెప్పుకుంటాయి. ఆపై రకరకాల స్వరాలు ఒకేసారి పంపి, ఏ స్వరం లైనులో ఎంత బలహీనపడుతోందో కొలుస్తాయి. చివరికి కాగిన నూనెలో నీళ్లు పడ్డట్టు చుయ్‌మనే మోత. చెవికి రొదలా ఉండే ఆ మోతలోనే లైను వంకరలను సరిచేసుకునే పాఠం నడుస్తుంది. కలవగానే స్పీకరు తనంతట తానే ఆగిపోతుంది. ఈ వరస చెవికి పట్టినవారు కనెక్షన్ ఎక్కడ చెడిందో తెర చూడకుండానే చెప్పగలిగేవారు. రాత్రిపూట ఇంట్లో వాళ్ల నిద్ర చెడకుండా 'ఎమ్0' ఆజ్ఞతో స్పీకరు పూర్తిగా ఆపేయవచ్చు. కానీ కొత్తగా బిగించినప్పుడు ఆ మోతను వినడమే మేలు.

ఆ తర్వాత యూజర్ నేమ్, పాస్‌వర్డ్ సరిచూడటం, ఐపీ చిరునామా అందడం జరిగి, గడియారం పక్కన రెండు చిన్న కంప్యూటర్ల బొమ్మ కనిపిస్తుంది. దాని మీద బాణం పెడితే వేగం తెలుస్తుంది. అక్కడ 1,15,200 అని కనిపిస్తే సంబరపడనక్కర్లేదు, అది కంప్యూటరుకు, మోడెమ్‌కు మధ్య వేగం. లైను మీద వేగం మంచి ఇళ్లలో 44,000, 46,000 లాంటి అంకెల్లో ఉండేది. 56,000 పెట్టె మీదే తప్ప తెర మీద కనిపించే అంకె కాదు. 44 కిలోబిట్లంటే సెకనుకు సుమారు అయిదున్నర కిలోబైట్లు. ఒక మెగాబైటు దిగడానికి మూడు నిమిషాలకు కొంచెం పైనే. 3 నిమిషాలకు ఒక లోకల్ కాల్ లెక్క పడే రోజుల్లో అయిదు మెగాబైట్ల పాట ఒకటి దింపుకుంటే, అయిదారు కాల్స్ అయినట్టే. ఇంటర్‌నెట్ గంటల కార్డు ఖర్చు దీనికి అదనం. ఉత్తరాలను ముందే రాసి పెట్టుకుని, కనెక్ట్ కాగానే పంపి, వచ్చినవి దింపుకుని, లైను కట్ చేశాక తీరిగ్గా చదువుకునే అలవాటు అందుకే వచ్చింది. అమెరికాలో ఉన్న కొడుక్కో కూతురికో ఇంటి సంగతులు అలా చేరేవి.

కనెక్షన్ కుదరనప్పుడు విండోస్ ఇచ్చే అంకెలు నమ్మదగినవి. 680 అంటే డయల్ టోన్ లేదు: తీగ, రంధ్రం, పక్క గదిలో ఎత్తి ఉంచిన ప్యారలల్ ఫోను చూడాలి. 676 అంటే అవతలి లైను ఖాళీ లేదు. ఫలితాలు వచ్చే రోజుల్లో ఇది మామూలే, మళ్లీ మళ్లీ తిప్పడమే మార్గం. 678 అయితే అవతల ఎవరూ ఎత్తలేదు, నంబరు సరిచూసుకోవాలి. 691 వస్తే ఫోను, మోడెమ్, లైను అన్నీ బాగున్నాయి, తప్పు యూజర్ నేమ్‌లోనో పాస్‌వర్డ్‌లోనో ఉంది. క్యాప్స్ లాక్ పొరపాటున పడి ఉందేమో ముందు చూడాలి.

కలిశాక మధ్యలో తెగిపోవడం వేరే జబ్బు. ఇంట్లో ఎవరైనా ప్యారలల్ ఫోను ఎత్తితే తెగుతుంది. కాల్ వెయిటింగ్ ఉన్న లైనులో వేరే కాల్ వచ్చి బీప్ మోగినా తెగుతుంది. అదనపు ఆజ్ఞల గడిలో ఎస్10 అనే మోడెమ్ రిజిస్టరు విలువ పెంచితే, ధ్వని క్షణకాలం పోయినా మోడెమ్ వెంటనే ఫోను పెట్టేయకుండా ఓపిక పడుతుంది. దాని లెక్క సెకనులో పదో వంతుల్లో ఉంటుంది, కాబట్టి 'ఎస్10=50' అంటే అయిదు సెకన్ల ఓపిక. గరగరలాడే లైనుకు ఇంకో ఉపాయం, మోడెమ్‌నే 33.6 కిలోబిట్ల పాత ప్రమాణమైన వీ.34కు తగ్గించడం. 33,600 దగ్గర నిలకడగా ఉండే కనెక్షన్, 48,000తో మొదలై అయిదు నిమిషాలకోసారి తెగే కనెక్షన్ కన్నా ఎంతో నయం.

పని అయ్యాక డిస్‌కనెక్ట్ నొక్కి, ఒకసారి ఫోన్ ఎత్తి డయల్ టోన్ వస్తోందో లేదో వినాలి. విండోస్ బిగుసుకుపోయినప్పుడు మోడెమ్ లైను వదలకుండా పట్టుకుని ఉంటే, బిల్లు పెరుగుతూనే ఉంటుంది. అంతకన్నా పెద్ద ప్రమాదం డయలర్ ప్రోగ్రాములు. ఏదో వెబ్‌సైటు నుంచి దిగిన చిన్న ప్రోగ్రాము, కనెక్షన్‌లోని లోకల్ నంబరును తీసేసి విదేశీ నంబరు పెట్టేది. నెల తిరిగాక ఐఎస్‌డీ బిల్లు వేలల్లో వచ్చేది. ఫోనుకు ఐఎస్‌డీ లాక్ వేయించుకోవడం, కనెక్ట్ నొక్కే ముందు తెర మీది నంబరు ఒకసారి చదవడం తగిన జాగ్రత్తలు.

2005 జనవరిలో బీఎస్ఎన్ఎల్ డేటావన్ పేరుతో 256 కిలోబిట్ల బ్రాడ్‌బ్యాండ్ మొదలుపెట్టాక ఈ మోడెములు పక్కకు జరిగాయి. ఆ బ్రాడ్‌బ్యాండ్ వాడిన ఏడీఎస్ఎల్ పద్ధతి కూడా అదే రాగి తీగ మీద నడిచేది. గొంతుకు పైనున్న కంపనాలను వాడుకోవడం వల్ల, ఫోన్ మాట్లాడుతున్నా నెట్ తెగలేదు. తీగ మాత్రం మారలేదు. తుప్పు పట్టిన రోజెట్, తడిసే అతుకు ఉన్న ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ దీపమూ ఆరుతూ వెలుగుతూనే ఉండేది. అక్కడా ముందు చేయాల్సింది ఫోన్ ఎత్తి, ఒక అంకె నొక్కి, గరగర ఉందేమో వినడమే.